ఇంటి గుట్టు, నలుగురి మాట: మనోవ్యాధిగ్రస్తుల కుటుంబాలకు తెలుగులో సామూహిక కౌన్సెలింగ్ కావాలా?

మారతహళ్ళి నుంచి ఒక అన్న:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అని తెలిసి ఆరేళ్ళయింది. మందులు వాడుతున్నాడు గానీ, వాడిని అనుక్షణం కనిపెట్టుకుని ఉండే మా అమ్మకు ఈ మధ్య నిద్ర, ఆకలి రెండూ పోయాయి. రోగుల కుటుంబసభ్యులు నెలకు రెండుసార్లు కలిసి కూర్చునే కౌన్సెలింగ్‌కు ఆమెను పంపమని వైద్యులు సూచించారు. అక్కడ మాటలన్నీ కన్నడంలో, ఇంగ్లీషులో సాగుతాయి. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చిన అమ్మకు తెలుగు తప్ప రాదు. ఒక కౌన్సెలర్ సాయంతో మా కాలనీలోని తెలుగు కుటుంబాలకు విడిగా ఒక బృందం ఏర్పాటు చేద్దామంటే, ఇంటి గుట్టు వీధిలో పెట్టడమేనని నాన్నగారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

కె.ఆర్.పురం నుంచి ఒక తండ్రి:
మీ నాన్నగారి భయాన్ని తోసిపుచ్చకండి. ఇలాంటి ఒక సమావేశంలో మా పెద్దమ్మాయి జబ్బు గురించి మనసు విప్పి మాట్లాడాను. మూడు నెలలు తిరగకుండానే ఆ మాట చిత్తూరు దగ్గర మా ఊరికి చేరి, చిన్నమ్మాయికి దాదాపు ఖాయమైన సంబంధం వెనక్కి పోయింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే బాధ్యతను చికిత్స చేసేవారిపై పెట్టింది గానీ, పక్క కుర్చీలో కూర్చున్న మనిషిపై పెట్టలేదు. మనవాళ్ళలో ఎవరిని కదిపినా ఎక్కడో ఒక చుట్టరికం బయటపడుతుంది కాబట్టి, తెలుగు బృందంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అమ్మగారిని ఒంటరిగా కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

జయనగర్ నుంచి ఒక భార్య:
పెద్దాయనకు జరిగింది అన్యాయం. అయినా బృందమే వద్దనడాన్ని ఒప్పుకోలేను. మా ఆయన మాత్రలు మానేసినప్పుడల్లా నేను వాటిని పొడి చేసి పప్పులో కలిపేదాన్ని. అది కనిపెట్టిన రోజు నుంచి ఆయన నా చేతి అన్నం ముట్టలేదు. వైద్యుడికి చెప్పుకోవడానికి సిగ్గుపడిన ఈ సంగతిని బృందంలో చెప్పగానే, ఒక తమిళ అమ్మ తానూ అదే పని చేశానని కంటతడి పెట్టుకుంది. మాత్రలకు బదులు కొన్ని వారాలకొకసారి తీసుకునే ఇంజెక్షన్ ఉంటుందని, ముందు ఆయనతోనే దాని గురించి మాట్లాడి ఆ తర్వాత వైద్యుణ్ణి అడగమని చెప్పింది కూడా ఆమే. ఇంట్లో వాళ్ళు అదే పనిగా తప్పుపట్టడం, ద్వేషం చూపడం, అతిగా కల్పించుకోవడం ఎక్కువగా ఉన్నచోట జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని పరిశోధకులు క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ 1976లో లండన్ నుంచి ప్రచురించిన అధ్యయనం చూపింది. దీని అర్థం జబ్బుకు కుటుంబమే కారణమని కాదు. అయితే అలసిపోయిన మనిషికి విసుక్కోకుండా ఉండటం సాధ్యం కాదు. ఆ విసుగును అదే బాధ పడినవాళ్ళ ముందు దింపుకుంటే, ఇంటికి మోసుకుపోయేది కొంత తగ్గుతుంది. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగం చేశారంటే, మన దేశంలో ఇది కొత్త ఆలోచన కూడా కాదు.

కె.ఆర్.పురం నుంచి ఒక తండ్రి:
అమ్మా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీరు వెళ్ళింది ఎవరూ మిమ్మల్ని ఎరగని చోటికి. ఆమె తమిళురాలు కాక మీ ఊరి ఆడపడుచే అయి ఉంటే ఆ మాట చెప్పగలిగేవారా?

జయనగర్ నుంచి ఒక భార్య:
చెప్పగలిగేదాన్ని కాదు. అందుకే కాలనీ బృందం వద్దంటాను. కౌన్సెలర్ అనుమతిస్తే అమ్మగారి పక్కన ఒకరు కూర్చుని తెలుగులో చెప్పవచ్చు. ఇంటిపేరు, ఊరిపేరు అడగకూడదనే నియమం మొదటి రోజే పెట్టించండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు.

మారతహళ్ళి నుంచి ఒక అన్న:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలనీ బృందం ఆలోచన విరమించుకున్నాను. ఈ శనివారం ఆసుపత్రి బృందానికి అమ్మతో మా చెల్లెలు వెళుతుంది. మీ మాటలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. బృందానికి రానన్నారు గానీ, అమ్మ వెళ్ళొచ్చే ఆ మూడు గంటలూ తమ్ముడి దగ్గర తానుంటానన్నారు.