అమ్మానాన్నలు హన్మకొండ నుంచి వస్తున్నారు, డెన్వర్ కొండలకు ఏ నెలలో తీసుకెళ్లాలి?

హన్మకొండ, ఇప్పుడు డెన్వర్:

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ వచ్చి కొన్ని నెలలే అయింది. అమ్మానాన్నలకు విజిటర్ వీసా వచ్చింది, టికెట్లు ఇంకా కొనలేదు. నాన్న టీచరుగా రిటైరయ్యారు, బీపీ ఉంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ మంచు చూడాలని ఒకటే కోరిక. ఆఫీసులో ఎవరిని అడిగినా స్కీయింగ్ అంటున్నారు, అది మావాళ్లతో అయ్యే పని కాదు. స్కీయింగ్ చేయనివాళ్లకు ఆ కొండల్లో బయట తిరగడానికి ఏముంటుంది? ఏ నెలలో రమ్మంటే బాగుంటుంది? కారు ఉంది గానీ మంచులో నడిపిన అలవాటు లేదు.

కాజీపేట, ఇప్పుడు అరోరా:

తమ్ముడూ, నువ్వు మంచు గురించి, చలి గురించి అడుగుతున్నావు. చలికి బట్టలున్నాయి. మనవాళ్లను ఇబ్బంది పెట్టేది ఎత్తు. వరంగల్ సముద్రమట్టానికి వెయ్యి అడుగులు కూడా ఉండదు. డెన్వరే 5,280 అడుగులు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు వాకిట్లో ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరు 7,500 అడుగుల పైన, స్కీయింగ్ ఊరు బ్రెకెన్‌రిడ్జ్ 9,600. ఆ పార్కులోంచి పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులో అన్నిటికంటే ఎత్తైన చోటు 12,183. విమానం దిగిన వారంలోనే అక్కడికి ఎక్కిస్తే నాన్నగారికి తలనొప్పి, అమ్మకు వాంతులు, నీకు టెన్షన్. కొన్నాళ్లు డెన్వర్‌లోనే పొద్దున, సాయంత్రం నడిపించు. తర్వాత ఎస్టెస్ పార్క్, ఆ పైన మిగతావి.

నన్నడిగితే ఆగస్టు చివర్లో రప్పించు. విజిటర్లను మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు కాబట్టి పచ్చదనం, పసుపు, తెలుపు మూడూ చూసి వెళ్తారు. సెప్టెంబరు మొదట్లో కొండల మీద ఎండ ఉంటుంది, స్కూళ్లు తెరుస్తారు కాబట్టి వారం మధ్యలో జనం తగ్గుతారు. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు అప్పటికి ఇంకా తెరిచే ఉంటుంది. ఎస్టెస్ పార్క్ నుంచి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్లు, కారు దిగకుండానే చెట్లు ఆగిపోయే ఎత్తు దాటి వెళ్లొచ్చు. మామూలుగా మే చివర్లో తెరిచి అక్టోబరు మధ్యలో మూసేస్తారు, మంచు ముందే పడితే ఇంకా ముందే.

అమ్మ మోకాళ్లకు పనికొచ్చేవి చెరువు చుట్టూ తిరిగే బాటలు. స్ప్రాగ్ లేక్ చుట్టూ మైలు కూడా ఉండదు, అంతా చదును, వీల్‌చెయిర్ కూడా పోతుంది. లిలీ లేక్ కూడా అలాంటిదే. బేర్ లేక్ చుట్టూ తిరగడం కూడా దగ్గరే గానీ అక్కడక్కడా ఎక్కడం దిగడం ఉంటుంది, పైగా అందరూ అక్కడికే వస్తారు. నేనైతే స్ప్రాగ్ లేక్ దగ్గర బెంచీ చూసుకుని సద్ది విప్పుతాను. ఒక్క మాట, తిన్న తర్వాత డబ్బాలు కారు సీటు మీద వదలొద్దు. ఇక్కడి ఎలుగుబంట్లకు కారు తలుపు తీయడం వచ్చు. అమ్మ కష్టపడి తెచ్చిన సకినాలు వాటి పాలు చేయకు.

సెప్టెంబరు చివరి వారంలో ఆస్పెన్ చెట్లు పసుపెక్కుతాయి. కెనోషా పాస్ అనే కనుమ డెన్వర్ నుంచి 285 రోడ్డు మీద, సుమారు పదివేల అడుగుల ఎత్తు. రోడ్డు పక్కన కారు ఆపి దిగితే చాలు, గుట్ట గుట్టంతా తంగేడు పూసినట్టు ఉంటుంది. శని, ఆదివారాలు మాత్రం పోవద్దు, పార్కింగ్ కోసమే పొద్దు గడిచిపోతుంది.

కరీంనగర్, ఇప్పుడు లోన్‌ట్రీ:

బతుకమ్మ కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కదా, అందుకే చెప్తున్నా చెల్లెళ్లూ, వదినలూ, తమ్ముళ్లూ అందరికీ. నేషనల్ పార్కులో ఒక్క పువ్వు కూడా తెంపకూడదు. కొలంబైన్ కొలరాడో రాష్ట్ర పుష్పం, దాన్ని తెంపడం మీద 1925 నుంచే చట్టం ఉంది. పేర్చడానికి పూలు కొట్లో బంతి, చామంతి కొనుక్కోండి.

ఇక ఆరోగ్యం. నేను హాస్పిటల్‌లో నర్సును. ఎత్తుకు వెళ్లిన మొదటి రోజు తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజు ఎక్కువ నడిపించకు, మందు పార్టీలు వద్దు, దూప కాకపోయినా నీళ్లు తాగిస్తూ ఉండు. గాలి చాలా పొడిగా ఉంటుంది, పెదవులు పగులుతాయి, కొందరికి ముక్కులోంచి రక్తం వస్తుంది. తలనొప్పి తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవడమే వైద్యం. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా ఆలోచించకుండా వెంటనే దించాలి, ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. ఎత్తుకు వేసుకునే అసెటజోలమైడ్ అనే మాత్ర ఉంది. నాన్నగారి బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉండొచ్చు కాబట్టి హన్మకొండలో ఆయన డాక్టరును అడగకుండా మాత్రం వేయొద్దు. మందులన్నీ చీటీతో సహా హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోమను. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ముందు నుంచి ఉన్న బీపీకి ఏం వర్తిస్తుందో చదువు.

వడ్డేపల్లి, హన్మకొండ:

బాబూ, నేను కొడుకు దగ్గరికి వచ్చి ఉండి వెళ్లినవాణ్ణి. ఆగస్టు సలహాతో నేను ఏకీభవించను. మీ నాన్నగారి వయసువాళ్లకు చలికాలమంటే నాలుగు గోడలే. మీరు ఆఫీసుకు పోతారు, నాలుగున్నరకే చీకటి పడుతుంది, కాలిబాట మీద గడ్డకట్టిన మంచు ఉంటుంది, పడితే తుంటి విరుగుతుందని కొడుకు బయటికి పోనివ్వడు. మంచు చూసిన సంతోషం మొదటి వారం. తర్వాత కిటికీ.

జూన్, జులైలో రప్పించు. సాయంత్రం ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఇక్కడ మాకు రోళ్లు పగిలే ఎండలు దాటి రావడమే పెద్ద సుఖం. జూన్‌లో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు పక్కన పాత మంచు ఇంకా గుట్టలుగా ఉంటుంది, చేతిలోకి తీసుకుని ఫొటో దిగితే మంచు ముచ్చట తీరిపోతుంది. జులై నడిమి నుంచి పైన గడ్డిబయళ్లలో రకరకాల పూలు. నేను రోజూ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడిచేవాణ్ణే, అయినా అక్కడ సగం వేగమే వచ్చింది. అందులో సిగ్గుపడేది ఏమీ లేదని మీ నాన్నగారికి ముందే చెప్పు. టీచర్లకు అది ఒప్పుకోవడం కష్టం.

కాజీపేట, ఇప్పుడు అరోరా:

పెద్దాయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. జూన్, జులైకి ఒకటే జాగ్రత్త, పిడుగులు. పొద్దున ఆకాశం ఎంత తేటగా ఉన్నా మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. మన పొలాల్లో పిడుగు ఎంత పని చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. సుమారు పదకొండున్నర వేల అడుగులు దాటాక చెట్టూ చేమా ఉండవు, నిలబడ్డ మనిషే ఎత్తు. పైకి పోయేది పొద్దున్నే పోయి పన్నెండు లోపు దిగాలి. ఉరుము వినిపిస్తే ఫొటోలు ఆపి కారెక్కాలి.

ఏప్రిల్, మే మొదట్లో మాత్రం ఎవరినీ రప్పించొద్దు. మంచు కరిగి బాటలన్నీ బురద, చాలాచోట్ల స్కీ లిఫ్టులు ఆగుతాయి, సగం కొట్లు మూసి ఉంటాయి. రూములు చవక, అంతే.

జగిత్యాల, ఇప్పుడు బౌల్డర్:

అన్నా, చలికాలాన్ని మరీ అలా తీసిపారేయకండి. స్కీయింగ్ రాకపోయినా కొండ మూతపడదు. బ్రెకెన్‌రిడ్జ్ ఊళ్లోంచి పైకి వెళ్లే గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) చలికాలంలో ఉచితం, టికెట్ లేకుండా అమ్మానాన్నలు కూర్చుని వెళ్లి రావొచ్చు. పెద్ద రిసార్టుల్లో ఆ రోజుకా రోజు కొనే స్కీ టికెట్ 200 డాలర్లు దాటుతుంది, దాని పక్కన ఇది ఎంత నయమో చూడండి. ఫ్రిస్కోలో ట్యూబు మీద కూర్చుని జారొచ్చు, అది నీకు, అమ్మ పక్కన నిలబడి నవ్వుతుంది. రాకీ పార్కులో స్లెడ్ మీద కూర్చుని మంచులో జారడానికి హిడెన్ వ్యాలీ ఒక్కటే చోటు. మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే స్నోషూలు స్కీ షాపుల్లో అద్దెకిస్తారు, నడక వస్తే చాలు, నాన్నగారు చదును నేల మీద కాసేపు వేసుకోవచ్చు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. మంకీ క్యాపు హన్మకొండ నుంచే తెప్పించు, ఇక్కడ దానికి సాటి లేదు. నల్లద్దాలు, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు, మంచు మీద పడ్డ ఎండ కళ్లను మండిస్తుంది.

డ్రైవింగ్ సంగతి. కొండల్లోకి పోయే ఐ-70 హైవే మీద మారిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం ఉంటుంది. మంచుకు పనికొచ్చే టైర్లు, అరుగుదల లేకుండా ఉండాలి, లేదంటే కారులో చెయిన్లు ఉండాలి. అలవాటు లేకపోతే నువ్వు నడపొద్దు. డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్‌కు రోజూ ఆమ్‌ట్రాక్ రైలు ఉంది. కొండలోంచి ఆరు మైళ్లకు పైగా ఉండే మొఫాట్ సొరంగం దాటి, నది పక్కనే వెళ్తుంది. దిగితే వేడి నీటి బుగ్గల కొలను, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. చుట్టూ మంచు, ఒంటికి ఉడుకు నీళ్లు. మా బాపు కొలనులోంచి లేవనన్నాడు. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువసేపు కూర్చోకూడదు, పైన రాసిన నర్సు అక్కను అడుగు.

కరీంనగర్, ఇప్పుడు లోన్‌ట్రీ:

డాక్టరు సరేనంటే కొద్దిసేపే, మధ్యమధ్య బయటికొచ్చి నీళ్లు తాగి. ఒక్కరినే వదలొద్దు.

హన్మకొండ, ఇప్పుడు డెన్వర్:

అందరికీ చాలా థాంక్స్. అమ్మతో మాట్లాడాను. జూన్ రెండో వారంలో వచ్చి, బతుకమ్మ ఇక్కడే ఆడి, ఆస్పెన్లు చూసి నవంబరులో తిరిగి వెళ్తామంటోంది. అక్టోబరు చివర్లో కొండ మీద కొత్త మంచు ఎలాగూ దొరుకుతుంది కదా. పార్కు టికెట్ల సంగతి ఎవరైనా చెప్తారా?

కాజీపేట, ఇప్పుడు అరోరా:

మంచి లెక్క. ఎస్టెస్ పార్క్‌లో సెప్టెంబరు నడిమి నుంచి ఎల్క్ అనే పెద్ద దుప్పులు అరుస్తూ పోట్లాడుకుంటాయి, ఆ సాయంత్రం కూడా కలుపుకో. 75 అడుగుల దూరం తప్పదు. మూస్ అని ఇంకా పెద్ద దుప్పి ఉంటుంది, దానికైతే 120.

రాకీ పార్కుకు ఈమధ్య ఏళ్లలో మే చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా టైమ్ వేసిన పర్మిట్ కావాలి, బేర్ లేక్ రోడ్డు వైపుకు వేరే పర్మిట్. స్ప్రాగ్ లేక్ ఆ రోడ్డులోనే ఉంది, చూసి తీసుకో. ముందు నెల ఒకటో తారీఖు పొద్దున 8కి బుకింగ్ తెరుస్తారు. దొరకకపోతే ముందు రోజు రాత్రి 7కి మరికొన్ని వదులుతారు. ఇంకోటి, 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకు రాకీతో కలిపి 11 పార్కుల్లో తలకు 100 డాలర్లు అదనం. వాళ్లకు ఏడాది పాసు 250, మనకు 80. టికెట్ కొనే రోజు పార్కు సైట్‌లో ఏముందో చూసుకో. ఆ ఖర్చు ఎక్కువనిపిస్తే రాకీకి ఒక్కసారి వెళ్లి, మిగతావి కెనోషా పాస్, డిల్లన్ చెరువు వైపు పెట్టుకో. అవి నేషనల్ పార్కు కిందికి రావు, ఈ అదనం అక్కడ లేదు.