స్టెంట్ వేశాక కూడా పొట్ట తగ్గాలని డాక్టర్ ఇంత పట్టు ఎందుకు పడుతున్నాడు?

గిరింపేట_కుర్రోడు:
మా నాయనకి 57. రెండు నెలల కింద గుండెపోటు వస్తే తిరుపతికి తీసుకుపోయి స్టెంట్ వేయించాం, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం శాతం) 45 అని రాశారు. బరువు 91, పొట్ట బాగానే ఉంది. చెకప్‌కి పోయిన ప్రతిసారీ డాక్టర్ ముందు పొట్ట సంగతే ఎత్తుతున్నాడు. ఇంట్లోనేమో చూడ్డానికొచ్చినోళ్లంతా మనిషి నీరసంగా ఉన్నాడని కాళ్ల సూపు, నెయ్యేసిన సంగటి తినిపిస్తున్నారు. పైగా మా చిన్నాయన, లావుగా ఉన్నోళ్లే గుండెపోటు తర్వాత ఎక్కువ కాలం బతుకుతారని ఎక్కడో చదివాడంట. బ్లాక్ తీసేశారు కదా, ఇంక పొట్టకీ గుండెకీ లంకె ఏంది?

బైరాగిపట్టెడ_అక్క:
తమ్ముడూ, నేను కార్డియాలజీ వార్డులో నర్సుని. స్టెంట్ తెరిచింది ఆ ఒక్కచోట మూసుకుపోయిన నాళాన్నే. గుండెపోటులో చచ్చిన కండ మళ్లీ రాదు, అక్కడ మచ్చ కడుతుంది, దాని పని కూడా మిగిలిన కండే లాగాలి. ఒళ్లు పెరిగేకొద్దీ ఒంట్లో తిరిగే రక్తం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, అసలే దెబ్బతిన్న గుండె ఆ బరువుకి సాగుతూ పోతే చివరికి హార్ట్ ఫెయిల్యూర్, అంటే ఒంటికి సరిపడా రక్తం పంపలేని స్థితి.

పేగుల చుట్టూ, లివర్లో చేరిన కొవ్వు ఊరికే పడుండదు. వాపు పుట్టించే పదార్థాల్ని రక్తంలోకి వదుల్తూనే ఉంటుంది, ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వదు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుని పెంచుతుంది. వేరే నాళాల్లో కొత్త బ్లాకులకి దారి అక్కడే పడుతుంది. గుండెని అంటుకుని కూడా ఒక కొవ్వు పొర ఉంటుంది, ఎపికార్డియల్ ఫ్యాట్ అంటాం. అందరికీ కొంచెం ఉండేదే, పొట్ట ఉన్నోళ్లకి మామూలుగా మందంగా ఉంటుంది. దానికీ గుండె కండకీ మధ్య అడ్డమేమీ లేదు కాబట్టి అది వదిలేది తిన్నగా కండలోకే పోతుంది. గుండె లయ తప్పే ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌కీ దీనికీ సంబంధం ఉంది.

ఎస్వీయూ_వాకర్:
మీ చిన్నాయనది పూర్తిగా గాలి మాట కాదు, దాన్ని ఒబీసిటీ పారడాక్స్ అంటారు. కానీ ఆ లెక్కలు ఎక్కువగా బీఎంఐతో, అంటే ఎత్తుకి బరువు ఎంతుందనే లెక్కతో వేసినవి, బీఎంఐకి కండ ఏదో కొవ్వు ఏదో తెలియదు. సన్నంగా ఉన్నోళ్లలో పొగతాగేవాళ్లు, వేరే జబ్బుతో చిక్కిపోయినవాళ్లు కూడా కలిసిపోతారు, దాంతో లావువాళ్లు మెరుగ్గా కనపడతారు. నడుము కొలిచి చూస్తే కథ తిరగబడుతుంది. మనోళ్లకి హద్దు మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. ప్యాంట్ సైజు చెప్తే మాత్రం నమ్మొద్దు! మా మామ పొట్ట కిందికి దించి 36 సైజు వేసుకుంటాడు, టేపు బొడ్డు దగ్గర పెడితే 43 అంగుళాలొచ్చింది. అన్నట్టు సంగటిది తప్పేం లేదు, ముద్ద సైజుదీ నెయ్యిదీ తప్పు.

గిరింపేట_కుర్రోడు:
థాంక్స్ అన్నా, అక్కా. మరి బరువు తగ్గే ఇంజెక్షన్ అంటున్నారే, అది పనిచేస్తుందా? నాయన అలిపిరి మెట్లెక్కి తగ్గిస్తానంటున్నాడు, మొక్కు కూడా ఉందంట.

బైరాగిపట్టెడ_అక్క:
మెట్లు మాత్రం ఇప్పుడొద్దు తమ్ముడూ. 3,550 మెట్లు, గుండె జబ్బు ఉన్నోళ్లు నడక దారిన రావద్దని టీటీడీనే చెప్తోంది. బస్సులో పోయినా స్వామి ఏమనుకోడులే. డాక్టర్ సరేనంటే చదునైన చోట, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో మొదలుపెట్టి మెల్లగా అరగంటకి తీసుకురండి. ఆ బరువు తగ్గే ఇంజెక్షన్, సెమాగ్లుటైడ్ సంగతంటావా, 2023లో వచ్చిన సెలెక్ట్ ట్రయల్లో గుండె జబ్బుండి, షుగర్ లేకుండా, బీఎంఐ 27 దాటిన 17,604 మందిని చూస్తే, గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి డమ్మీ ఇంజెక్షన్ వాళ్లకంటే మందు తీసుకున్నోళ్లలో 20 శాతం తగ్గాయి. మంచి మందే, ఖరీదుంది, వాంతులూ ఉంటాయి. కార్డియాలజిస్ట్ రాస్తేనే, మెడికల్ షాపులో అడిగి కాదు.

కడుపు మాడ్చి తగ్గించొద్దు, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. పప్పు, గుడ్డు, చేప పెట్టండి, బజ్జీలు ఆపండి. రోజూ పొద్దున లేవగానే బరువు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ల వాపు గానీ పడుకుంటే ఆయాసం గానీ తోడైతే, తర్వాతి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు తీసుకురండి.