మిర్చి పొడికి ఆసియాన్ రాయితీ కాదన్నారు, పంచాయితీ ఎక్కడ?

ప్రశ్న (ధర్మాబాద్):
ఇక్కడి మిర్చి పొడి థాయ్‌లాండ్ పోతే, అక్కడి కస్టమ్స్ ఫారం ఏఐ (సుంకం రాయితీకి సరుకు మన దేశానిదని చూపే సర్టిఫికెట్) ఒప్పుకోకుండా పూర్తి సుంకం వేసింది. డబ్ల్యూటీఓకు (ప్రపంచ వాణిజ్య సంస్థ) పోవాలా, ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి)–భారత్ ఒప్పందం కింద పోవాలా?

దెగ్లూర్ నుంచి:
అన్నా, రెండుచోట్లా కేసు వేసేది ప్రభుత్వాలే, వ్యాపారి కాదు. ముందు కాగితాలు చూడండి. పొడికి హెచ్ఎస్ (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే సంఖ్య) 0904.22, ఎండు కాయకు 0904.21. ఇన్‌వాయిస్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి పడితే పని అక్కడే చెడుతుంది. సర్టిఫికెట్ చెల్లేది 12 నెలలే. మూడో దేశం కంపెనీ ఇన్‌వాయిస్ ఇస్తే సర్టిఫికెట్‌లో దానికున్న గడిలో గుర్తు ఉండాలి. అనుమానమొస్తే థాయ్ కస్టమ్స్ వాళ్లు సర్టిఫికెట్ ఇచ్చిన మన సంస్థను సరిచూడమంటారు, అప్పుడు అడ్తి (కమీషన్ వ్యాపారి) చిట్టీలే ఆధారం. ఈలోగా పూచీకత్తు మీద సరుకు విడిపించమని కొనుగోలుదారుతో అడిగించండి.

బిలోలి నుంచి:
రాయితీ సుంకం ఆసియాన్ ఒప్పందమిచ్చిన హక్కు. డబ్ల్యూటీఓలో దాన్ని అడగలేరు. థాయ్‌లాండ్ రెండింటి నియమాలనూ ఉల్లంఘించి ఉంటే మన ప్రభుత్వం ఒకదాన్ని ఎంచుకోవాలి. 2009 వివాద పరిష్కార ఒప్పందం ప్రకారం ఒకచోట మొదలుపెడితే రెండోది మూసుకున్నట్టే.

డబ్ల్యూటీఓలో మామూలుగా 60 రోజుల సంప్రదింపుల తర్వాతే ప్యానెల్ (వివాదం విని తేల్చే బృందం) అడగొచ్చు. 2019 డిసెంబరు నుంచి అప్పీలు వినేవాళ్లే లేరు. మన నాందేడ్ చెరకు రైతుకూ సంబంధమున్న చక్కెర కేసులో 2021 డిసెంబరులో ప్యానెల్ భారత్‌ను తప్పుపట్టింది, ఆ తర్వాత భారత్ వేసిన అప్పీలు అక్కడే ఆగింది. ప్రాంతీయ ఒప్పందాలదీ అదే బలహీనత: నాఫ్టాలో (అమెరికా, కెనడా, మెక్సికోల పాత వాణిజ్య ఒప్పందం) మెక్సికో చక్కెర వివాదానికి అమెరికా సభ్యుణ్ణి వేయకపోవడంతో ప్యానెలే ఏర్పడలేదు.