పాత కారుల ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరుత లేదు, ముందు సీట్ల పాప కూసుంటది: ఏం చూస్కోవాలె?

తిప్పర్తి_రోడ్డు

నల్లగొండల ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ చూసినం. 2020 మోడల్, ముందట రెండు ఎయిర్‌బ్యాగులు. ఇంజిన్, గేర్‌బాక్స్ మంచిగున్నయి. కానీ మీటర్ల ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతనే ఉంటుంది. అమ్మేటాయన "సీటు కవర్లు ఏసేటప్పుడు వైరు లూజైంది, ఏం గాదు" అంటుండు. ముందు బంపర్‌కు ఇనుప గార్డు ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఎడమ దిక్కు యాదగిరిగుట్ట నరసింహస్వామి విగ్రహం గమ్ముతోని అతికించి ఉంది.

కారు ఎక్కువగ ఎన్‌హెచ్ 65 మీద హైదరాబాద్‌కు తిరుగుతది. నడిపేది మా చెల్లె. ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, సీటు మొత్తం ముందుకు జరుపుకుంటది. పక్క సీట్ల అమ్మ, ఆమె ఒళ్ల మూడేండ్ల పాప.

ఆ లైటుతోని కారు కొనొచ్చా? పాపకు ఎయిర్‌బ్యాగ్ రక్షణనా, ప్రమాదమా? ఆగి ఉన్న లారీని ఎనక నుంచి గుద్దితే బ్యాగు తెరుచుకోదంటరు, నిజమేనా?

గ్యారేజ్_నకిరేకల్

ముందుగాల లైటు ముచ్చట చెప్త. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆ లైటు ఆరేడు సెకన్లు వెలిగి ఆరిపోవాలె. ఆరకుంట ఉన్నదంటే సిస్టంల ఏదో తప్పు దొరికిందని ఎయిర్‌బ్యాగ్ ఈసీయూ (బ్యాగులను నడిపే చిన్న కంప్యూటర్) చెప్తుందన్నట్టు. గసొంటప్పుడు గుద్దుకుంటే బ్యాగు తెరుచుకుంటదని నమ్మనీకి లేదు. బెల్టును గట్టిగ లాగి పట్టే ప్రీటెన్షనర్ సుత ఆ ఈసీయూ చేతిలనే ఉంటది, దాన్ని గూడ నమ్మనీకి లేదు. "ఏం గాదు" అన్న మాట ఇక్కడ నడవది.

అమ్మేటాయన చెప్పింది నిజమైనా కావొచ్చు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటది. కారును బట్టి బకిల్ స్విచ్, ప్రీటెన్షనర్, సైడ్ బ్యాగు వైర్లు దాంట్ల పోతయి. సీటు విప్పినప్పుడు అది ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసిన్రంటే తప్పు కోడ్ మెమరీల పడుతది. మళ్ల కనెక్టర్ పెట్టినా చానా కార్లల లైటు దానంతట అది ఆరది, స్కానర్‌తోని కోడ్ తుడవాలె. ఇది చిన్న పని.

రెండోది క్లాక్ స్ప్రింగ్. స్టీరింగ్ తిరుగుతున్నా బ్యాగుకు కరెంటు తెగకుంట అందించే చుట్టల కేబుల్ అది. లైటుతోపాటు హారన్ గానీ, స్టీరింగ్ మీది ఆడియో బటన్లు గానీ పనిచేస్తలేవంటే ముందు దాన్నే అనుమానించాలె. స్టీరింగ్ విప్పి మళ్ల బిగించేటప్పుడు క్లాక్ స్ప్రింగ్‌ను నడిమిట్ల పెట్టకపోతే, ఫుల్ కట్ కొట్టంగనే లోపల కేబుల్ తెగుతది. బయట హారన్లు మార్పించిన బండ్లల్ల వైర్లు కోసి అతికించిన జాగలు గూడ చూడాలె.

అసలు భయపడాల్సింది మూడోది: బ్యాగులు ఎప్పుడో పేలిపోయి, కొత్తవి పెట్టకుంట కవర్ మాత్రమే బిగించిన కారు. బ్యాగు జాగల రెండు మూడు ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఈసీయూ అక్కడ బ్యాగు ఉన్నదనే అనుకుంటది. లైటు మంచిగ వెలిగి ఆరుతది, స్కానర్‌ల గూడ ఏం కనపడది. అందుకే లైటు ఒక్కటే చూసి తేల్చొద్దు. ఇవి గూడ చూడుర్రి:

ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు లైటు అసలే వెలగకపోతే దాన్ని తీసేసిన్రో, టేపు ఏసిన్రో, వేరే లైటుకు కలిపిన్రో అన్నట్టు. స్టీరింగ్ నడిమి కవర్ రంగు మిగతా స్టీరింగ్‌తోని కలవాలె, చుట్టూ సందు ఒక్క తీరుగ ఉండాలె. ప్యాసింజర్ దిక్కు డ్యాష్‌బోర్డు మీద అతుకు, పెయింట్, పగులు ఉండొద్దు. ముందు బెల్టులు చివరిదాక లాగితే కింద తయారీ తేదీ లేబుల్ ఉంటది. కారు తయారైన తేదీకి చానా తర్వాతది ఉంటే బెల్టు మార్చిన్రు, ఎందుకు మార్చిన్రో అడగాలె. ఒక బకిల్ రెండోదానికంటే కిందికి దిగిపోయి ఉన్నా, బెల్టు లాగితే బిగుసుకపోయి రాకపోయినా ప్రీటెన్షనర్ పేలిందేమో చూపించుకోవాలె.

ఇవన్నీ చూసినంక కూడ కంపెనీ వర్క్‌షాపుల స్టీరింగ్ మాడ్యూల్ విప్పించి, బ్యాగు ఉన్నదా, ఈసీయూల క్రాష్ రికార్డ్ ఉన్నదా అని కాగితం మీద రాయించుకున్నంకనే అడ్వాన్స్ ఇయ్యుర్రి.

ఇంకొక మాట. ఇంటికాడ ఎవ్వరు గూడ పసుపు వైర్ల మీద మల్టీమీటర్, టెస్ట్ ల్యాంపు పెట్టొద్దు. బ్యాగును పేల్చేటందుకు కొద్దిపాటి కరెంటు చాలు. బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసి, కనీసం మూడు నిమిషాలు ఆగినంకనే ముట్టాలె. ఈసీయూ లోపలి కెపాసిటర్ల కరెంటు అప్పటిదాక ఉంటది.

పాలమూరు_సేఫ్టీ

తమ్ముడూ, పాప గురించి, చెల్లె గురించి రాస్తాను. కారు కంటే ముందు తేలాల్సింది అదే.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది చిన్న పేలుడుతో. కారు గుద్దుకున్నాక సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్లలో ఈసీయూ నిర్ణయం తీసుకుంటుంది. బ్యాగును నింపే డబ్బాలో, అంటే ఇన్‌ఫ్లేటర్‌లో, రసాయనం అంటుకుని వాయువు పుడుతుంది. పాత వాటిలో సోడియం అజైడ్ వాడేవారు, ఇప్పుడు గ్వానిడిన్ నైట్రేట్ లాంటివి వాడుతున్నారు. ఇంకో 20–30 మిల్లీసెకన్లలో డ్రైవర్ బ్యాగు నిండిపోతుంది. ప్యాసింజర్ బ్యాగు పెద్దది, 100 లీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ఈ మొత్తం పని ఒక కనురెప్పపాటులో అయిపోతుంది.

నిండిన బ్యాగుకు వెనక రంధ్రాలు ఉంటాయి. తల వచ్చి ఆనగానే వాయువు వాటిలోంచి బయటికి పోతూ తలను నెమ్మదిగా ఆపుతుంది. ఇలా జరగాలంటే తల వచ్చేసరికి బ్యాగు పూర్తిగా నిండి ఉండాలి. ఇంకా విప్పుకుంటున్న బ్యాగు గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగంతో బయటికి వస్తుంది. ఆ దారిలో ముఖం, మెడ, ఛాతీ ఉంటే దెబ్బ తగిలేది బ్యాగు వల్లే. కవర్ నుంచి మొదటి 5–8 సెంటీమీటర్లు అన్నిటికంటే ప్రమాదకరం. అందుకే స్టీరింగ్ మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉంచమంటారు.

చెల్లెను సీట్లో కూర్చోబెట్టి టేపుతో కొలవండి. బ్రేకు పూర్తిగా తొక్కగలిగేంత వరకు సీటు వెనక్కి జరపండి. సీటు వీపును కొద్దిగా వెనక్కి వాల్చండి. ఎత్తు సర్దే లివర్ ఉంటే సీటు పైకి లేపండి. స్టీరింగ్‌ను కిందికి దించి, అది ముఖం వైపు కాకుండా ఛాతీ వైపు చూసేలా పెట్టండి. ఇవన్నీ చేస్తే ఎక్కువ మందికి 25 సెంటీమీటర్లు వస్తుంది. మీరు చూస్తున్న వేరియంట్‌లో సీటు ఎత్తు, స్టీరింగ్ టిల్ట్ రెండూ లేకపోతే ఆమె కోసం అవి ఉన్న వేరియంట్ వెతకండి. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టాలి. స్టీరింగ్ మీదుగా చెయ్యి అడ్డం పెట్టి తిప్పే అలవాటు ఉంటే, బ్యాగు తెరుచుకున్నప్పుడు ఆ చెయ్యి ముఖానికి వచ్చి కొడుతుంది, మణికట్టు విరుగుతుంది.

ఇక పాప. మూడేళ్ల పాప 14 కిలోలు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగం 0.1 సెకనులో ఆగిపోతే పాపను ఆపడానికి అమ్మ చేతుల మీద సుమారు 160 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. ఎవరి చేతులూ ఆపలేవు. దానికి తోడు ఒళ్లో ఉన్న పాప తల డ్యాష్‌బోర్డుకు దగ్గరగా, సరిగ్గా బ్యాగు విప్పుకునే దారిలో ఉంటుంది. అమెరికాలో 1990 నుంచి 2008 దాకా తక్కువ వేగం ప్రమాదాల్లో ముందు ఎయిర్‌బ్యాగుల వల్లే 290 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ముందు సీటు ప్రయాణికులు, ఆ ప్రయాణికుల్లో నూటికి తొంభై మందికి పైగా పిల్లలు. అత్యధికులు బెల్టు లేనివాళ్లు, లేదా వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీట్లో పెట్టిన పసివాళ్లు. ఆ మరణాల్లో నూటికి దాదాపు తొంభై 1998కి ముందు తయారైన కార్లలోనే. తర్వాత బ్యాగుల బలం తగ్గించారు. అయినా పసిపిల్లకు ముందు సీటు చోటు కాదు.

పాప వెనక సీట్లో, ఐసోఫిక్స్ హుక్కులకు (చైల్డ్ సీటు బిగించడానికి కారు సీట్లోనే ఉండేవి) బిగించిన చైల్డ్ సీట్లో కూర్చోవాలి. వెనక్కి తిరిగిన చైల్డ్ సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు. అమ్మ కూడా వెనకే పాప పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుంటే దారి పొడవునా పాపకు తోడు ఉంటుంది, ఏడుపు బాధ తగ్గుతుంది. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది.

బెల్టు గురించి ఒక లెక్క. ఎదురుగా గుద్దుకునే ప్రమాదాల్లో మరణం ముప్పును ఎయిర్‌బ్యాగ్ ఒక్కటే 34 శాతం, బెల్టు ఒక్కటే 50 శాతం, రెండూ కలిసి 61 శాతం తగ్గిస్తాయని అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్క. బెల్టు లేని మనిషి బ్రేకు కొట్టగానే, ఇంకా గుద్దకముందే, ముందుకు జారి ఆ 25 సెంటీమీటర్లు పోగొట్టుకుంటాడు. బీప్ శబ్దం రాకుండా బకిల్‌లో ఉత్త క్లిప్పు పెట్టే అలవాటు ఇందుకే ప్రమాదం. కొన్ని కార్లలో బెల్టు పెట్టుకున్నారనుకుని ఈసీయూ బ్యాగును ఎక్కువ వేగం దగ్గర గానీ పేల్చదు.

జడ్చర్ల_44

లారీ ముచ్చట చానా వరకు నిజమే. లారీ బాడీ కింది అంచు కారు బంపర్ కంటే పైన ఉంటది. కారు ముందు భాగంల గుద్దును తీసుకునే చాసిస్ పొడుగు కమ్మీలు, బంపర్ బీము దేన్నీ తాకకుండ లారీ కిందికి దూరిపోతయి. బానెట్, అద్దం, ముందు పిల్లర్లు దెబ్బ తింటయి. వేగం ఎంత తొందరగ తగ్గిందనేదే ఈసీయూ చూస్తది. మెత్తటి రేకు నలుగుతుంటే ఆ తగ్గుదల చిన్నగ కనపడి, నిర్ణయం ఆలస్యమైతది, లేదంటే రాదు. బ్యాగు తెరుచుకున్నా, లారీ అంచు అద్దంల నుంచి లోపలికొస్తే అది ఏం చెయ్యలేదు. వెనక అండర్‌రన్ గార్డు (కారు కిందికి దూరకుండ ఆపే ఇనుప అడ్డం) గట్టిగ ఉన్న లారీ అయితే కారు అక్కడ ఆగుతది. పత్తి, వడ్లు తోలే ట్రాక్టర్ ట్రాలీలకు చానా వాటికి గార్డూ ఉండదు, రిఫ్లెక్టరూ ఉండదు. ఎన్‌హెచ్ 65 మీద గానీ, మా ఎన్‌హెచ్ 44 మీద గానీ రాత్రిపూట ఎడమ అంచు లేన్‌ల 80 దాటి పోతే బ్యాగును నమ్ముకుని లాభం లేదు.

మామూలుగ ముందు బ్యాగులు గట్టి గోడను గంటకు 13 నుంచి 23 కిలోమీటర్ల వేగంతోని గుద్దినంత దెబ్బకు తెరుచుకుంటయి. బెల్టు పెట్టుకుంటే కొన్ని కార్లల 25 దగ్గర. ఆగి ఉన్న అంతే బరువు కారును గుద్దితే దీనికి దాదాపు రెట్టింపు వేగం కావాలె. వెనక నుంచి తగిలినా, పక్క నుంచి తగిలినా, బండి పల్టీ కొట్టినా, బర్రెను గుద్దినా ముందు బ్యాగులు తెరుచుకోకపోవడం తప్పు కాకపోవచ్చు.

ఇనుప గార్డు కారు కొన్న రోజే తీసెయ్యుర్రి. నలగాల్సిన ముందు భాగాన్ని అది నలగనియ్యది. దెబ్బ నేరుగ చాసిస్‌కు పోయి, సెన్సర్‌కు అందే లెక్క మారిపోతది. చిన్న దెబ్బకే బ్యాగు పేలొచ్చు, పెద్ద దెబ్బకు ఆలస్యం కావొచ్చు. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లనే ఈ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

విగ్రహం ఉన్న చోటే ప్యాసింజర్ బ్యాగు తలుపు ఉంటది. బ్యాగు లేస్తే అది ముఖానికే కొడుతది. స్వామివారిని గేర్ ముందట ఉండే పలచటి ఫొటో స్టిక్కర్‌గ పెట్టుకోండి, భక్తికి తక్కువ కాదు. సెంటు సీసా, ఫోన్ హోల్డర్ గూడ ఆ దిక్కు వద్దు. డ్యాష్‌బోర్డు మీద కాళ్లు పెట్టుకుని కూసుంటే తొడ ఎముక, తుంటి విరుగుతయి. రేపు ఆరు బ్యాగుల కారు కొంటే, సీటు అంచున ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట మామూలు కవర్లు కుట్టించొద్దు. ఆ అంచున కుట్టు తేలికగ విడిపోయే కవరే కావాలె.

చింతపల్లి_క్రాస్

అన్నా, పాప ముందే కూసుంటనని ఏడుస్తది. ప్యాసింజర్ బ్యాగు ఫ్యూజు తీసేస్తే సరిపోదా?

గ్యారేజ్_నకిరేకల్

వద్దు. చానా కార్లల ఒక్క ప్యాసింజర్ బ్యాగుకు వేరే ఫ్యూజు ఉండదు. ఫ్యూజు తీస్తే మొత్తం సిస్టం పడుకుంటది, డ్రైవర్ బ్యాగు, ప్రీటెన్షనర్లు గూడ పోతయి. కొన్ని కార్లల గ్లవ్ బాక్స్ పక్కన గానీ, ఎడమ తలుపు తెరిస్తే కనపడే చోట గానీ తాళంచెవితోని తిప్పే స్విచ్ ఉంటది. దానితోని ప్యాసింజర్ బ్యాగు ఒక్కటే ఆపొచ్చు. కానీ బ్యాగు ఆపినా ఒళ్ల ఉన్న పాప డ్యాష్‌బోర్డును గుద్దుకుంటది గదా. బ్యాగు పోయినా ఆ 160 కిలోల లెక్క పోదు.

108_మిర్యాలగూడ

బ్యాగులు తెరుచుకున్నాక ఏం చెయ్యాలో కూడా తెలిసి ఉండాలి. లోపల పొగలాగా కనిపించేది ఎక్కువగా పొడి, వాయువు. కారు అంటుకుందని కంగారు పడొద్దు. అయితే ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి ఆడకపోవచ్చు. అద్దాలు దించి, వీలైతే దిగిపోవాలి. కళ్లల్లో పడితే రుద్దకుండా చాలా నీళ్లతో కడగాలి. చేతుల మీద, ముఖం మీద రాపిడి గాయాలు సాధారణమే. ఛాతీ నొప్పి, మెడ నొప్పి, చూపు మసక ఉంటే మాత్రం ఆసుపత్రికి పోవాల్సిందే. గర్భిణులైతే నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోవాలి.

సాయానికి వచ్చినవాళ్లు మొదట ఇగ్నిషన్ ఆఫ్ చేయాలి. బ్యాటరీ అందితే మైనస్ వైరు తీయాలి. తెరుచుకోని బ్యాగు ఇంకా పేలొచ్చు. పక్క నుంచి గుద్దిన ప్రమాదంలో స్టీరింగ్ బ్యాగు అలాగే ఉండిపోతుంది. కాబట్టి స్టీరింగ్‌కు, మనిషికి మధ్య తల గానీ గడ్డపార గానీ పెట్టొద్దు. పేలిన బ్యాగు లోపలి లోహం కొంతసేపు కాలుతుంది, ముట్టుకోవద్దు. గాయపడినవాళ్ల మెడ కదపకుండా 108కి చెప్పండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా పనిచేస్తుంది.

గ్యారేజ్_నకిరేకల్

తిప్పర్తి తమ్ముడూ, ఖర్చు ముచ్చట ఒకటి మిగిలింది. ఒక్కసారి పేలితే బ్యాగులు, ప్రీటెన్షనర్ బెల్టులు, ముందు సెన్సర్లు, ఈసీయూ, ఒక్కోసారి క్లాక్ స్ప్రింగ్, డ్యాష్‌బోర్డు గూడ మార్చాలె. మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీల ఎయిర్‌బ్యాగుకు 50 శాతం తరుగుదల కోస్తరు, సగం నువ్వే కట్టాలె. జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ ఉంటే ఆ కోత ఉండదు. పాలసీ బదిలీ చేసుకునేటప్పుడు అది ఉన్నదా చూస్కో.

ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు కంపెనీ వెబ్‌సైట్‌ల కొట్టి రీకాల్ (లోపం ఉన్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేసేది) పెండింగ్ ఉన్నదా సుత చూడు. జపాన్ టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లల్ల అమోనియం నైట్రేట్ ఏండ్లకేండ్లు వేడికి, తేమకు పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బానే ముక్కలై మనుషులకు గుచ్చుకున్నది. అమెరికాలనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు వెనక్కి పిలిచిన్రు. మన దగ్గర గూడ హోండా లాంటి కంపెనీలు పాత మోడళ్లల్ల ఉచితంగ మార్చినయి. నువ్వు చూసే 2020 బండికి ఆ భయం తక్కువ, కానీ ఇంట్ల పాత బండి ఉంటే దాని నంబర్ గూడ కొట్టి చూడు. పెండింగ్ ఉంటే పైసా కట్టకుంట మారుస్తరు.