సమాధానం, సలాం: యుద్ధానికి క్రైస్తవం, ఇస్లాం పెట్టిన షరతులు ఏమిటి?

ప్రశ్న: పాతనగరం పాఠకుడు, విశాఖపట్నం

పెద్దలకు నమస్కారం. మా ఇల్లు వన్‌టౌన్‌లో ఉంది. డాబా ఎక్కితే ఓడరేవు దగ్గరి మూడు కొండలూ కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదనీ దర్గా, మరొకదాని మీద కన్యమరియమ్మ చర్చి ఉన్నాయి. వాటి పక్కనున్న కాలువలోంచే ఓడలు రేవులోకి వస్తాయి.

మా పేటలో కొందరం నెలకొకసారి కూర్చుని ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటాం. క్రితం నెల ఒకాయన క్రైస్తవం ప్రేమ మతమనీ, ఇస్లాం కత్తి మతమనీ ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇంకొకాయన వెంటనే క్రూసేడ్లను, అంటే యెరూషలేము కోసం యూరప్ క్రైస్తవులు ముస్లింల మీద చేసిన మధ్యయుగపు దండయాత్రలను, ఎత్తి చూపారు. ఇంతలో టీ రావడంతో చర్చ అక్కడితో ఆగిపోయింది. వచ్చే నెల ఇదే విషయం మీద నేను అరగంట మాట్లాడాలి. ఎవరు ఎక్కువ మందిని చంపారన్న లెక్క నాకు వద్దు. యుద్ధం చేయవలసి వస్తే ఎవరి అనుమతితో చేయాలి, ఎవరి జోలికి పోకూడదు, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలకు ఈ రెండు సంప్రదాయాలు లోలోపల ఏం చెప్పుకున్నాయో తెలుసుకోవాలని ఉంది. నేను హిందువును. బైబిలునూ ఖురానునూ తెలుగులోనే చదివాను. బైబిలులో పదేపదే వచ్చే ‘సమాధానము’ అంటే జవాబు కాదు, శాంతి అని గ్రహించడానికే నాకు కొన్ని పేజీలు పట్టింది కనుక, నా అజ్ఞానం ఏపాటిదో మీరే ఊహించుకోవచ్చు.

జవాబు: విశ్రాంత నావికుడు

నేను బాప్టిస్టు సంఘంలో పుట్టాను, నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. కనుక మీ ప్రశ్న నాకు పుస్తకాల్లోది కాదు. ‘సమాధానపరచువారు ధన్యులు’ అన్న వాక్యాన్ని ఆదివారం గుడిలో విని సోమవారం యూనిఫాం వేసుకున్నవాణ్ణి నేను.

సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి తామేమి చేయాలని అడిగిన ఘట్టం లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉంది. కొలువు మానుకోండి అని ఆయన అనలేదు. ఎవరినీ బాధించవద్దనీ, ఎవరి మీదా అపనింద వేయవద్దనీ, జీతంతో తృప్తి పడమనీ చెప్పారు. నా ఉద్యోగ జీవితమంతా నేను ఆనుకున్నది ఆ వాక్యాన్నే. అయితే తొలి శతాబ్దాల క్రైస్తవులు అందరూ అలా అనుకోలేదు. 295వ సంవత్సరంలో, నేటి అల్జీరియాలోని తెబెస్సా అనే ఊళ్లో, రోమన్ సైన్యంలో చేర్చుకోవడానికి ఎత్తు కొలిచిన మాక్సిమిలియన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు తాను క్రైస్తవుణ్ణి గనుక సైనికుణ్ణి కాలేనని చెప్పి ప్రాణమే వదులుకున్నాడు. అదే సైన్యంలో కొలువు చేస్తున్న క్రైస్తవులూ అప్పటికే ఉన్నారన్న సంగతిని విచారణాధికారి అతనికి గుర్తు చేశాడట. ఆ తగవు మాలో ఇప్పటికీ తెగలేదు.

కాన్‌స్టంటైన్ అనే రోమన్ చక్రవర్తి క్రైస్తవాన్ని ఆదరించిన తరువాత రాజ్యమూ సంఘమూ దగ్గరయ్యాయి. సంఘ పండితుడు అగస్టీను యుద్ధాన్ని విచారంతో చేయవలసిన పనిగా మాత్రమే ఒప్పుకున్నారు. పదమూడో శతాబ్దంలో క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ దానికి మూడు షరతులు పెట్టారు: అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, కారణం న్యాయమైనదై ఉండాలి, మనసులో ఉద్దేశం మంచిదై ఉండాలి. మూడోది ఎంత కఠినమో గమనించండి. మొదటి రెండూ ఉన్నా, పగతోనో దోపిడీ ఆశతోనో చేస్తే అది అన్యాయపు యుద్ధమే. మరోవైపు మెనొనైట్లు, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలవారు ఈ షరతులనే ఒప్పుకోక, ఏ ఆయుధమూ పట్టబోమన్నారు. మెనొనైట్ మూలం గల సంఘాలు మన పాలమూరు జిల్లాలోనూ ఉన్నాయి గాని, వారి ఈ సిద్ధాంతం గురించి తెలుగునాట ఎవరైనా ప్రసంగించగా నేను వినలేదు.

ఇక క్రూసేడ్ల మాట. 1095లో క్లెర్‌మాంట్‌లో పోప్ రెండో అర్బన్ చేసిన పని వేరు. ఆయన యుద్ధాన్నే ప్రాయశ్చిత్తంగా మార్చారు. విచారంతో చేయవలసిన పని కాస్తా పుణ్యకార్యమైంది. నాలుగేళ్లకు, 1099లో, యెరూషలేములో ముస్లింల మీదా యూదుల మీదా జరిగిన ఊచకోతకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

మన ఊరి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మన తీరంలో తొంభై మందికి పైగా మనుషులతో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి పేరు ‘ఘాజీ’, అంటే మతం కోసం పోరాడేవాడు. పాకిస్తాన్‌కు ఇవ్వకముందు అమెరికా నౌకాదళంలో దాని పేరు ‘డయాబ్లో’, అంటే సాతాను. ఇనుము అదే, టార్పిడో గొట్టాలు అవే. బీచ్ రోడ్డులో విజయస్తంభం ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ రెండు పేర్లూ గుర్తొస్తాయి.

జవాబు: అరబీ ఉపాధ్యాయుడు

అస్సలాము అలైకుం. నావికుడు గారు ‘ఘాజీ’ మాటతో ఆపారు గనుక నేను ‘జిహాద్’ మాటతో మొదలుపెడతాను. దీన్ని తెలుగు పత్రికలు ‘పవిత్ర యుద్ధం’ అని రాస్తాయి. అరబీలో దాని అర్థం శ్రమించడం, శాయశక్తులా కృషి చేయడం. యుద్ధానికి ఖురానులో ‘ఖితాల్’ అనే వేరే మాట ఉంది. అలాగని జిహాద్‌కు యుద్ధంతో సంబంధమే లేదనే మా వాళ్ల వాదన కూడా నాకు నచ్చదు. ధర్మశాస్త్ర గ్రంథాల్లో జిహాద్ అధ్యాయం తెరిస్తే కనిపించేవి చాలా వరకు యుద్ధ నియమాలే.

మక్కాలో గడిచిన పదమూడేళ్లు ముస్లింలకు చేయెత్తే అనుమతి లేదు. అనుమతిగా పేర్కొనే వాక్యం ఖురాను ఇరవై రెండో సూరా (అధ్యాయం)లో, ముప్పై తొమ్మిదో ఆయతు (వాక్యం)లో ఉంది. అన్యాయానికి గురైనవారికి పోరాడే అనుమతి ఇవ్వబడింది అంటుంది. మరుసటి ఆయతు, అలాంటి అడ్డుకట్ట లేకపోతే మఠాలు, చర్చిలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు కూలిపోయేవని చెబుతుంది. ఆ వరసలో మసీదు చివర ఉంది. రెండో సూరా నూట తొంభయ్యో ఆయతు, మీతో పోరాడేవారితో పోరాడండి, హద్దు మీరకండి అంటుంది. ఆ హద్దు ఏమిటో ప్రవక్త తరువాత ముస్లింలకు నాయకుడైన తొలి ఖలీఫా అబూబకర్ తన సేనానికి చెప్పి పంపిన మాటల్లో తెలుస్తుంది: స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దు, పండ్ల చెట్లు నరకవద్దు, మఠాల్లో ఉన్న సన్యాసుల జోలికి పోవద్దు.

మీ అరగంటలో సగం హుదైబియా ఒడంబడికకు ఇవ్వమని నా మనవి. 628లో ప్రవక్త సుమారు పద్నాలుగు వందల మందితో ఉమ్రా అనే మక్కా తీర్థయాత్రకు బయలుదేరితే మక్కావాసులు దారిలోనే, హుదైబియా అనే చోట ఆపారు. వారి తరఫున వచ్చిన సుహైల్ బిన్ అమ్ర్, పత్రం పైన ‘అల్లాహ్ ప్రవక్త ముహమ్మద్’ అని రాయడాన్ని ఒప్పుకోలేదు. మిమ్మల్ని ప్రవక్త అని నమ్మితే ఈ గొడవే ఉండదు కదా, తండ్రి పేరుతో రాయండి అన్నాడు. పత్రం రాస్తున్న ప్రవక్త అల్లుడు అలీకి ఆ మాట చెరపడానికి చేతులు రాలేదు. ఎక్కడుందో చూపించమని అడిగి ప్రవక్తే దాన్ని చెరిపేశారు. అంతలో సుహైల్ కొడుకే, అబూజందల్, ఇస్లాం స్వీకరించినందుకు వేసిన సంకెళ్లతో ఈడ్చుకుంటూ వచ్చి శరణు కోరాడు. పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపాలన్న షరతు ప్రకారం అతన్నీ వెనక్కి పంపారు. తరువాత రెండో ఖలీఫా అయిన ఉమర్ వంటి సన్నిహితులే తట్టుకోలేకపోయారు. పదేళ్ల సంధి కోసం ఒప్పుకున్న ఈ షరతులనే ఖురాను ‘స్పష్టమైన విజయం’ అని పేర్కొంది. తెలుగు కోర్టుల్లో రోజూ వాడే ‘రాజీ’ అన్న మాట కూడా అరబీదే, సమ్మతించినవాడు అని దాని అర్థం.

జవాబు: చరిత్ర విద్యార్థి

ఇద్దరూ మీ మీ గ్రంథాల్లోని మంచి గదులు చూపించారు, తాళం వేసిన గదుల సంగతేమిటి? ఇశ్రాయేలీయులు యెరికో పట్టణాన్ని పట్టుకుని అక్కడి పురుషులను, స్త్రీలను, పిల్లలను, పశువులను కూడా సంహరించారని యెహోషువ గ్రంథం ఆరో అధ్యాయం చెబుతుంది. ఖురాను తొమ్మిదో సూరా అయిదో ఆయతు విగ్రహారాధకులను కనబడిన చోట చంపమంటుంది. 1187లో యెరూషలేమును క్రూసేడర్ల నుంచి తిరిగి గెలిచిన సుల్తాన్ సలాహుద్దీన్ ఊచకోత జరగనివ్వలేదని అందరూ మెచ్చుకుంటారు. మగవాడికి పది దీనార్లు, స్త్రీకి అయిదు, బిడ్డకు ఒకటి చొప్పున విడుదల రుసుము పెట్టారనీ, దాన్ని కట్టలేని పేదలు వేలమంది బానిసలయ్యారనీ ఎవరూ చెప్పరు.

హుదైబియా పక్కన 1229 నాటి ఒప్పందాన్ని కూడా పెట్టి చూడాలి. ఈజిప్టు సుల్తాన్ అల్-కామిల్, క్రూసేడ్‌కు వచ్చిన యూరప్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ మాటలతోనే తేల్చుకుని, యెరూషలేమును పదేళ్ల పైచిలుకు సంధి మీద క్రైస్తవులకు అప్పగించారు. అక్కడి అల్-అఖ్సా మసీదు ప్రాంగణం ముస్లింల చేతిలోనే ఉంది. రక్తం చిందలేదు. ఫ్రెడరిక్ అప్పటికే పోప్ వెలివేసినవాడు, సంధి చేసినా ఆయనకు మన్నన దక్కలేదు. డమాస్కస్ మసీదుల్లో సుల్తాన్‌ను నిందిస్తూ ప్రసంగాలు చేశారు. శాంతి చేసినవాణ్ణి సొంతవాళ్లే తిట్టడంలో రెండు మతాలకూ తేడా లేదు.

జవాబు: అరబీ ఉపాధ్యాయుడు

విద్యార్థి గారు, తాళం తీయమన్నారు గనుక తీస్తున్నాను. అయిదో ఆయతుకు ముందున్న నాలుగోది, ఒప్పందానికి కట్టుబడి ఉన్నవారిని మినహాయిస్తుంది. తరువాతి ఆరోది, ఆ విగ్రహారాధకుల్లో ఎవరైనా శరణు కోరితే ఇచ్చి, వాళ్లకు క్షేమమైన చోటికి చేర్చమంటుంది. అయితే ఈ ఒక్క ఆయతుతో శాంతి ఆయతులన్నీ రద్దయ్యాయని చెప్పిన వ్యాఖ్యాతలు పూర్వం ఉన్నారు, కాలేదని వాదించినవారూ ఉన్నారు. రుసుము విషయంలో మీరు చెప్పింది నిజం, దాన్ని నేను సమర్థించను.

నావికుడు గారు మెనొనైట్ల మాట ఎత్తారు గనుక ఒక్క పేరు కలుపుతాను. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ నడిపిన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు అహింస మీద ప్రమాణం చేసిన పఠానులు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ ఖిస్సా ఖ్వానీ బజారులో వారి ఉద్యమానికి మద్దతుగా చేరిన జనం మీద కాల్పులు జరిగాయి. అక్కడ కాల్చమంటే కాల్చబోమన్నవారు చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలోని గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు. ఆ కారణంగా వారికి జైలు శిక్షలు పడ్డాయి.

జవాబు: విశ్రాంత నావికుడు

యెరికో గురించి నా దగ్గర చక్కని జవాబు లేదు. మా బైబిలు తరగతిలో ఆ అధ్యాయాన్ని గోడలు కూలడం వరకే చెప్పి ఆపేసేవారు. గఢ్వాలీ సిపాయిల సంగతి మాత్రం రాత్రంతా నన్ను వదలలేదు. యూనిఫాంలో ఉన్నవాడు ‘చేయను’ అనడం ఎంత కష్టమో వేసుకున్నవాడికి తెలుసు.

ప్రశ్న అడిగినవారి మాట: పాతనగరం పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. రెండు ఒప్పందాల మీదే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. నావికుడు గారినీ ఉపాధ్యాయుడు గారినీ కూడా రమ్మని కోరుతున్నాను. ఆదివారం ఉదయం ఆరాధన ఉంటుందని తెలిసి సమయం సాయంత్రానికి మార్చాం. సాయంత్రపు అసర్ నమాజుకూ సూర్యాస్తమయం నాటి మగ్రిబ్‌కూ మధ్య గంటకు పైగా దొరుకుతుందని విన్నాను. సరిపోతుందంటే మిగతావారికి కబురు చేస్తాను. టీ మాత్రం ఈసారి చివర్లోనే తెమ్మని చెప్పాను.