చెరువు గట్టు పార్కు నమూనా పిల్లల చేత కంప్యూటర్‌లో కట్టించాలంటే?

పర్లాకిమిడి_వార్డు:
చెరువు పక్కన 60 × 40 మీటర్ల మున్సిపాలిటీ ఖాళీ స్థలం. పార్కు ప్లాను ఇంకా గీయలేదు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలు 24 మంది ఉన్నారు, తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు కలిపి. బడి ల్యాబులో నడిచే కంప్యూటర్లు 8, అన్నీ 4 జీబీ ర్యామ్‌వే. నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. బ్లాకులతో కట్టే ఆటలో పార్కు కట్టించి ఇంజనీరు గారికి ఇవ్వాలని ఉంది. ఏ ఆట వాడాలి? కొలతలు ఎలా తీయాలి? పిల్లలాట అని ఆయన పక్కన పెట్టేయకుండా ఏం చేయాలి?

రాయగడ_ల్యాబ్:
బ్లాకులతో కట్టే ఆటల్లో అందరికీ తెలిసిన మైన్‌క్రాఫ్ట్ అయితే ఒక్కో ఖాతా కొనాలి. మీకు లువాంటీ చాలండీ. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్, పూర్తిగా ఉచితం. ఇంజను, అంటే ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్, దించుకున్నంత మాత్రాన ఆట రాదు. లోపలి కంటెంట్ జాబితా నుంచి మైన్‌టెస్ట్ గేమ్ అనే ఆటను, పెద్ద భాగాలను ఒక్కసారే కాపీ చేసే వరల్డ్‌ఎడిట్ అనే మాడ్‌ను (అదనపు పనిముట్టు) విడిగా దించుకోవాలి. నెట్ ఉన్న చోట ఒక్క ల్యాప్‌టాప్‌లో దించి పెట్టుకోండి. మిగతా 8 కంప్యూటర్లలో ఇంజను ఒక్కటి ఎక్కిస్తే సరి, ఆట సరుకంతా ల్యాప్‌టాపే పంపుతుంది. వెర్షను మాత్రం అన్నింటిలో ఒకటే ఉంచండి.

కొత్త ప్రపంచం తెరిచేటప్పుడు మ్యాప్ రకం ఫ్లాట్ అని పెట్టి, క్రియేటివ్ మోడ్, హోస్ట్ సర్వర్ టిక్ చేసి, డ్యామేజ్ తీసేయండి. నెట్ లేని వైఫై రౌటర్ ఒకటి చాలు. పిల్లల కంప్యూటర్లు కనెక్ట్ కాకపోతే కారణం ఎక్కువగా రెండింట్లో ఒకటి: ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫైర్‌వాల్ ఆట వాడే యూడీపీ 30000 పోర్టును ఆపడం, లేదా రౌటర్‌లో క్లయింట్ ఐసొలేషన్ (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగు) ఆన్‌లో ఉండడం. బొమ్మ ఆగి ఆగి కదిలితే వ్యూయింగ్ రేంజ్ (ఎంత దూరం దాకా కనిపించాలో చెప్పే సెట్టింగు) 60కి దించండి.

మీ స్థలం ఒక్కసారే కట్టి, వరల్డ్‌ఎడిట్‌తో 80 మీటర్లకొకటి చొప్పున 8 కాపీలు వేయండి, జట్టుకొకటి. సాయంత్రం ఆట మూసేశాక ఆ ప్రపంచం ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మరవకండి.

బరంపురం_సివిల్:
స్థలం కొలవకుండా ఆట తెరవకండి మాస్టారూ. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం ఉపగ్రహ ఎత్తులు 30 మీటర్లకొక పాయింటు చొప్పున ఉంటాయి, గట్టు వాలు వాటికి చిక్కదు. 30 మీటర్ల టేపు, సున్నం, మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపి ఎత్తులు చూసే పారదర్శక గొట్టం) తీసుకోండి. 10 మీటర్ల గడులు వేస్తే 35 చోట్ల ఎత్తు చూస్తే సరిపోతుంది. గట్టు మీద మాత్రం 5 మీటర్లకొకటి తీయండి. ట్యూబులో గాలి బుడగ మిగిలితే లెవెల్ తప్పుతుంది. ఈ పని పిల్లల చేతే చేయించండి.

ఆటలో ఒక బ్లాకు ఒక మీటరు. సగం బ్లాకు, అంటే స్లాబు, అర మీటరు. కూర్చునే బల్లకు అదే దాదాపు సరైన ఎత్తు. చక్రాల కుర్చీ ర్యాంపుకు వాలు 1:12, కాబట్టి ఒక్క స్లాబు ఎక్కడానికి 6 బ్లాకుల పొడవు కావాలి. దారి 2 బ్లాకుల వెడల్పు. ఉయ్యాల ఇరుసు 2.4 మీటర్ల ఎత్తులో ఉంటే ముందు 4.8, వెనక 4.8 మీటర్లు ఖాళీ ఉండాలి. పిల్లలు ఉయ్యాలను తెచ్చి గోడకు ఆనించి పెడతారు, అందుకని ముందే ఎర్ర ఉన్ని బ్లాకులతో ఆ మేర పరిచి ఇవ్వండి.

చెట్ల దగ్గర ఆట బాగా మోసం చేస్తుంది. అందులో చాలా చెట్ల కొమ్మలు కొద్ది బ్లాకులకే ఆగిపోతాయి, ఎదిగిన కానుగ 8 మీటర్లకు పైనే పరుచుకుంటుంది. నేల మీద 8 × 8 ఆకుపచ్చ ఉన్ని పరిచాకే చెట్టు నాటమనండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు చూసిన ప్రాంతం మనది. వేరు లోతుకు పోని తురాయిని పిల్లలు ఆడే చోట పెట్టనివ్వకండి.

ఆటలో బ్లాకులు లెక్కపెట్టి ఎస్టిమేటు మాత్రం వేయకండి. ఆట గోడ మందం మీటరు, మన తొమ్మిదంగుళాల ఇటుక గోడ 0.23 మీటరు. ఖర్చు నాలుగింతలు తేలితే ఇంజనీరు గారు మొదటి పేజీ దగ్గరే ఆగిపోతారు. గోడకు పొడవు, దారికి వైశాల్యం, దీపాలకు సంఖ్య, అంతవరకే తీసుకుని షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌తో (ప్రభుత్వ పనుల ధరల పట్టికతో) గుణించండి.

పర్లాకిమిడి_వార్డు:
చాలా ఉపయోగమండీ. జట్టుకు ముగ్గురిని వేద్దామనుకుంటున్నాను. బోర్డుల మీద తెలుగు, ఒడియా రాయొచ్చా? ఎన్ని రోజులు పెట్టాలి?

రాయగడ_ల్యాబ్:
బోర్డుల మీద రాయకండి, గుణింతాలూ వత్తులూ విడిపోయి చదవరాకుండా వస్తాయి. అంకెలు వేసి, ఆ అంకెల జాబితా కాగితం మీద రెండు లిపుల్లోనూ గోడకు అంటించండి. సవర పిల్లలకు వాళ్ల భాషలో చదివి చెప్పే పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

బరంపురం_సివిల్:
నాలుగు రోజులు పెట్టండి. మొదటి రోజు కొలతలు, స్థలంలో తిరగడం. అదే రోజు పొద్దు వాలాక పెద్దలను తోడు పెట్టుకుని మళ్లీ వెళ్లండి. దీపం ఎక్కడ కావాలో ఆడపిల్లలు అప్పుడే చెప్పగలరు. రెండో రోజు ఆట నేర్చుకోవడం, మూడో రోజు కట్టడం. మౌస్ అరగంటకొకసారి చేతులు మారాలి, ఆడపిల్లలకు రెండు మూడు జట్లు విడిగా వేయండి. నాలుగో రోజు ఇంజనీరు గారిని, వార్డు కౌన్సిలరును కూర్చోబెట్టి పిల్లల చేతే చూపించండి.

ఐక్యరాజ్యసమితి నివాసాల సంస్థ హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మొజాంగ్ కలిసి 2012లో మొదలుపెట్టిన ‘బ్లాక్ బై బ్లాక్’ పద్ధతి కూడా ఇదే. నేపాల్ కీర్తిపూర్‌లో దే పుఖు చెరువు పరిసరాలకు ఇలాగే నమూనాలు చేయించారు.

ఇంజనీరు గారిని చివరి రోజుకు అట్టిపెట్టకండి. మొదటి రోజే ఆయన దగ్గర మూడు సంగతులు రాయించుకోండి: మొత్తం బడ్జెట్, చెరువు నిండు నీటి మట్టం, స్థలంలో కదపకూడనివి. నీటి మట్టాన్ని నీలం బ్లాకులతో గుర్తు పెట్టాకే కాపీలు వేయండి. ఆ గీత కింద కట్టినదేదీ మంజూరు కాదు, పిల్లల మూడు రోజుల పనీ వృథా అవుతుంది.