అప్‌డేట్: పొసోలేలో చేదు పోయింది

పోయిన వారం అడిగాను కదా, ఇంట్లో చేసిన మెక్సికన్ పొసోలే రోహో (మొక్కజొన్న గింజలు, పోర్క్, ఎండుమిర్చితో చేసే ఎర్రటి సూప్) చేదుగా వచ్చిందని, మొక్కజొన్న గింజలు 4 గంటలు ఉడికినా రాళ్లలాగే ఉన్నాయని. నిన్న మళ్లీ చేశాను.

నేను వాడినవి మామూలు ఎండు గింజలు. మీరు చెప్పినట్టు దీనికి సున్నపు నీళ్లలో ఉడికించి పైపొట్టు తీసిన గింజలే కావాలి. డాలస్‌లో మెక్సికన్ కొట్టులో హామినీ పేరుతో డబ్బాల్లో దొరికాయి. ఫోన్‌లో అమ్మకి చెబితే "సున్నమా? తమలపాకులో వేసేదేనా?" అంది. అదేనమ్మా!

చేదుకి కారణం మాత్రం నేనే. పోయినసారి మిరపకాయల్ని పోపులో ఎండుమిర్చిలాగా నల్లగా వేయించేశాను. ఈసారి గ్వాహీయో, ఆంచో అనే మెక్సికన్ ఎండుమిరపకాయల గింజలు దులిపేసి, పొడి పెనం మీద అటూ ఇటూ తిప్పి, వాసన రాగానే దించేశాను. వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, వెల్లుల్లితో రుబ్బి, జల్లెడలో వడకట్టాను. గుప్పెడు తొక్కు మిగిలింది! ఆ ఎర్రటి రసం పోర్క్ ఉడికిన నీళ్లలో పోసి, హామినీ వేసి ఇంకో అరగంట మరిగించాను.

పైన క్యాబేజీ తురుము, ముల్లంగి చక్రాలు, ఉల్లిపాయ, ఒరెగానో, నిమ్మరసం. మా ఆయన రెండో గిన్నె కూడా పెట్టుకున్నారు. కారం మాత్రం మాకు చాలలేదు, పక్కన పచ్చిమిర్చి కొరుక్కున్నాం.